చనిపోయినవాడి చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడగకండి

శ్రీకాకుళం జిల్లాలోని స్టేషన్ హౌస్ ఆఫీసర్లకు, క్లూస్ టీమ్ సిబ్బందికి, పోస్టుమార్టం చేసే డాక్టర్లకు,

అయ్యా, అమ్మా,

నేను ముద్దాయిల తరఫు వకీలుని. ముప్ఫై ఏళ్లకు పైగా మీరు పెట్టిన కేసుల్లో బొక్కలు వెతకడమే నా వృత్తి. అలాంటివాడు రాసిన ఉత్తరం మేమెందుకు చదవాలని మీరు అడిగితే తప్పు పట్టను. ఉన్నమాట చెప్పాలంటే మీ పొరపాట్ల మీదే నా సంసారం నడిచింది, ఇద్దరు పిల్లల చదువులు గట్టెక్కాయి. తుపాకీ కేసుల్లో ఆ పొరపాట్లు ఎక్కడ జరుగుతున్నాయో ఇప్పుడు నేనే విప్పి చెబుతున్నాను. ఎందుకో తెలియాలంటే ముందు ఒక కేసు సంగతి వినాలి.

కొండ పక్క మండలం. ముగ్గురు రాత్రిపూట అడవిపంది కోసం నాటు తుపాకులు పట్టుకుని వెళ్లారు. తెల్లారేసరికి ఇద్దరే దిగొచ్చారు. మూడోవాడి రొమ్ములో సీసం రవ్వలు. కాలుజారి సొంత తుపాకీ పేలిందని ఇద్దరూ చెప్పారు. కాదు, పాత భూమి తగాదాతో వీళ్లలో ఒకడు కాల్చాడని పోలీసులు కేసు కట్టారు. ఆ ఒకడు నా క్లయింటు. శవానికి కాపలా ఉన్న కానిస్టేబుల్‌ని నేను క్రాస్ చేశాను.

"చనిపోయిన మనిషి చేతులకు ఏం తొడిగారు?"

"కవర్లండి."

"ఏం కవర్లు?"

"క్యారీ బ్యాగులండి. కిరాణా కొట్లో తెచ్చాం."

"ఎన్నింటికి తొడిగారు?"

"పొద్దున్న పదింటికండి."

"ఎప్పుడు విప్పారు?"

"మర్నాడు మధ్యాహ్నం, డాక్టరుగారొచ్చాక."

మే నెల అది. చివరి ప్రశ్న అడిగే ముందే జవాబు నాకు తెలుసు. "విప్పినప్పుడు కవరు లోపల ఏముంది?"

ఆయన ఒక్క క్షణం జడ్జిగారి వైపు చూశాడు. "నీళ్లండి. చెమట పట్టినట్టు, నీళ్లు."

ఆ నీళ్లతోనే కేసు కొట్టుకుపోయింది. నాటు తుపాకీ మందు కాలితే మిగిలే మసిలో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు. నీళ్లు తగిలితే ఉప్పులా కరిగిపోతాయి. కరగని సీసం రేణువులు కూడా తడి చర్మం మీద నిలవవు, జారి కవరు అడుగుకి చేరతాయి. ఆ కవర్లేమో చెత్తబుట్టకి చేరాయి. చనిపోయినవాడి చేతి మీద మసి ఉండుంటే తుపాకీ అతని చేతిలోనే పేలిందనడానికి ఒక ఆధారం దొరికేది. లేకపోతే లేదనైనా తేలేది. రెండూ కాలేదు. సంశయ లాభం కింద నా క్లయింటు బయటికొచ్చాడు, నా ఫీజు నాకు ముట్టింది. కోర్టు మెట్ల దగ్గర చనిపోయినవాడి భార్య ఎదురొచ్చింది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది: "బాబూ, మీవోడు కాల్చలేదంటే, మా ఆయన్ని మరెవులు కాల్చీసినారు?"

ఈ నేలకు ఆ ప్రశ్న కొత్త కాదు. 1967 అక్టోబరు 31న, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు తుపాకీ గుళ్లకు బలయ్యారు. మరుసటి ఏడాది ముద్దాయిలను కోర్టు వదిలేసింది. ఆ తర్వాత కొండల్లో నక్సలైటు పోరాటం ఎలా రగిలిందో మీ పాత రికార్డుల్లోనే ఉంటుంది. నా కేసుకి అంత చరిత్ర లేదు. కానీ ఆమెకి జవాబు చెప్పలేక నేను వెనక గేటు నుంచి వెళ్లిపోయిన మాట నిజం.

ఇక అసలు సంగతి. గన్‌షాట్ రెసిడ్యూ, అంటే తుపాకీ పేలాక మిగిలే మసి, మీ భాషలో జీఎస్ఆర్. ఫ్యాక్టరీ తూటా అడుగున చిన్న కేప్ ఉంటుంది, పిన్ను కొట్టేది దాన్నే. చాలా రకాల తూటాల్లో ఆ కేప్ లోపల లెడ్ స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్, యాంటిమొని సల్ఫైడ్ ఉంటాయి. పేలిన క్షణంలో ఆ వేడికి సీసం, బేరియం, యాంటిమొని మూడూ ఆవిరై, బయటి గాలి తగలగానే చల్లబడి బొట్లుగా గడ్డకడతాయి. గరిటె చిల్లుల్లోంచి జారిన పిండి నూనెలో పడి బూందీ అయినట్టన్నమాట. అందుకే ఈ రేణువులు ఎక్కువగా గుండ్రంగా ఉంటాయి. సైజు మాత్రం చాలావరకు మైక్రాన్ నుంచి పది మైక్రాన్ల లోపే. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. కంటికి కనబడే మసిని చూసి "జీఎస్ఆర్ ఉందండి" అని పంచనామాలో రాయించే మధ్యవర్తుల్ని నేను చూశాను. పలాసలో జీడి పిక్కలు వలిచే ఆడవాళ్ల నల్లబడిన చేతులు ఎప్పుడైనా చూడండి, వాళ్లందరినీ అరెస్టు చేయాలి మరి.

ఈ రేణువుని పట్టడానికి ల్యాబ్‌లో స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వాడతారు. దానికి ఎక్స్‌రే డిటెక్టర్ జోడిస్తే రేణువు ఆకారమూ తెలుస్తుంది, అందులో ఏ లోహాలున్నాయో కూడా తెలుస్తుంది. మూడు లోహాలూ ఒకే రేణువులో కలిసి కనబడితేనే దాన్ని తుపాకీ కేప్ నుంచి వచ్చే లక్షణం ఉన్న రేణువు అంటారు. ఒకప్పుడు "తుపాకీ నుంచి తప్ప ఇంకెక్కడా రాదు" అన్నంత గట్టిగా చెప్పేవారు. తర్వాత నిపుణులే ఆ మాట మార్చుకున్నారు. పాత బ్రేకు లైనింగుల నుంచి, కొన్ని రకాల బాణాసంచా నుంచి దగ్గరి పోలికలున్న రేణువులు దొరికాయి కాబట్టి. దీపావళి పచ్చ వెలుగు బేరియం చలవే.

ఇంకా పాత పద్ధతి ఒకటుంది. చేతి మీద వేడి మైనం పోసి, ఆరాక ఊడదీసి, దాని మీద డైఫినైలమైన్ ద్రావకం వేస్తే నీలం చుక్కలు రావడం. 1933లో అమెరికాలో మొదలుపెట్టి ఎన్నో కేసుల్లో వాడారు. తీరా చూస్తే నైట్రేట్ ఎరువు ముట్టినా, పొగాకు నలిపినా, మూత్రం తగిలినా అదే నీలం. తర్వాత ఇంటర్‌పోల్ సెమినార్‌లో ఇది పనికిరాదని తేల్చేశారు. సర్వీసులో పెద్దవాళ్లు ఇప్పటికీ "పారాఫిన్ టెస్టు చేయించారా?" అని అడుగుతుంటారు. వినయంగా తల ఊపి ఊరుకోండి.

మిషన్ ఎంత గొప్పదైనా దానికి అందాల్సింది అందాలి. బతికున్న మనిషి చేతి మీద ఈ రేణువులు నాలుగైదు గంటలు నిలిస్తే గొప్ప. ఆరు గంటలు దాటాక తీసిన శాంపిల్ మీద పెద్దగా ఆశ పెట్టుకోలేం. మరి ఆ నాలుగైదు గంటల్లో మన దగ్గర ఏం జరుగుతుంది? అనుమానితుణ్ని జీపు వెనక సీట్లో కూర్చోబెడతారు. నిన్న అదే సీట్లో మీ గన్‌మన్ కూర్చున్నాడు. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేస్తారు, మణికట్ల దగ్గరున్నది కాస్తా రాలిపోతుంది. స్టేషన్‌కొచ్చాక టిఫిన్ పెడతారు. మానవత్వమే, కాదనను. నాలుగు ఇడ్లీలు చట్నీతో తిని, పంపు దగ్గరికెళ్లి చెయ్యి కడుక్కుంటాడు. ఆ తర్వాత వేలిముద్రలకి ఇంకు రాస్తారు. సాయంత్రం క్లూస్ టీమ్ వచ్చేసరికి ఆ చేతి మీద మిగిలేది ఇంకు, చట్నీ వాసన.

వరుస మార్చండి చాలు. ముందు శాంపిల్, తర్వాతే వేలిముద్రలు, టిఫిన్, ప్రశ్నలు. స్టబ్ అంటే బొత్తాం అంత అల్యూమినియం ముక్క, పైన కార్బన్ జిగురు టేపు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద, అరచేతి వెనక భాగం మీద యాభై సార్లకు తక్కువ కాకుండా అద్దాలి. కుడికి వేరు, ఎడమకి వేరు. గ్లోవ్స్ వేసుకున్నవాడే తీయాలి, అతను ఆ రోజు తుపాకీ ముట్టి ఉండకూడదు. ఏమీ ముట్టించని ఖాళీ స్టబ్ ఒకటి కంట్రోల్‌గా, అంటే పోల్చి చూసుకోవడానికి, కలిపి పంపాలి. స్టబ్‌లు లేనిచోట 5 శాతం నైట్రిక్ ఆమ్లంతో తడిపిన దూదితో తుడుస్తారు. అప్పుడు కూడా ఏమీ తుడవని దూది ఒకటి పంపాలి, ఎందుకంటే దూదిలోనే కొంత లోహం ఉండొచ్చు. ఈ రెండు పద్ధతులకీ తేడా ఉంది. స్టబ్ మీద రేణువు రేణువుగానే దొరుకుతుంది. దూదిలో అన్నీ కరిగి కలిసిపోతాయి, మొత్తంగా సీసం ఎంత, బేరియం ఎంత అన్నదే తేలుతుంది. ఈ తేడా ఒక కుర్రాడి జీవితంలో ఎంత పని చేసిందో కింద చెబుతాను.

శవం విషయంలో మీకు టైమ్ ఎక్కువ. చనిపోయినవాడు చేతులు కడుక్కోడు, జేబులో పెట్టుకోడు. కదపకుండా ఉంచితే రేణువులు చాలాసేపు నిలుస్తాయి. కావాల్సిందల్లా కాగితం సంచీ. కాగితం గాలి ఆడనిస్తుంది, చెమ్మ పట్టనివ్వదు. మణికట్టు దగ్గర దారంతో వదులుగా కట్టి, విప్పాక ఆ సంచీని కూడా సీలు చేసి పంపండి, రాలినవి దాని అడుగున ఉంటాయి.

ఇప్పుడు మన జిల్లాకే ప్రత్యేకమైన చిక్కు. పుస్తకాల్లో ఉన్నదంతా పిస్తోలు గురించి. మందస, మెళియాపుట్టి, పాతపట్నం వైపు మనకి ఎక్కువగా తగిలేవి నాటు తుపాకులు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డ పీలికో కొబ్బరి పీచో కూరి, పైన రవ్వలు పోసి బిగించేవి. మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు. బేరియం అందులో లేదు. ఒక్కోసారి కేపుకి బదులు అగ్గిపుల్ల తలలు గీకి పోస్తారు, అందులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అగ్గిపెట్టె పక్క పట్టీ గీకి కలిపితే ఎర్ర భాస్వరం, ఒక్కోసారి యాంటిమొని కూడా వస్తాయి. ఇలాంటి తుపాకీ పేల్చిన చేతిలో మూడు లోహాల రేణువు వెతికితే దొరకదు. రిపోర్టులో "లేదు" అని వస్తుంది. ఆ "లేదు" చూపించి నేను బల్ల గుద్ది వాదిస్తాను. ఎన్నిసార్లు గుద్దానో లెక్క లేదు.

దీనికి మందు మీ చేతుల్లోనే ఉంది. ముద్దాయి ఇంట్లో దొరికిన మందు సీసా, కేపులు, రవ్వలు, పీచు అన్నీ వేరువేరుగా సీలు చేసి చేతి శాంపిల్‌తో పాటు పంపండి. అప్పుడు ల్యాబ్‌వాళ్లు ఆ మందుకి సరిపోయే మసి ఆ చేతి మీద ఉందా అని పోల్చి చూడగలరు. దొరికిన తుపాకీ గొట్టాన్ని తుడవకండి, "పనిచేస్తోందో లేదో చూద్దాం" అని ట్రిగ్గర్ నొక్కకండి. ఇది చెప్పాల్సిన మాటేనా అనుకోకండి, సాక్షి బోనులో ఒప్పుకున్నవాళ్లున్నారు. కోర్టు ద్వారా ల్యాబ్‌కి వెళ్లే ప్రశ్నల లేఖలో, అంటే లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లో, "ముద్దాయి తుపాకీ పేల్చాడా లేదా?" అనే ఒక్క ప్రశ్న రాసి ఊరుకుంటారు. ఏ ల్యాబూ దానికి జవాబు చెప్పలేదు. పక్కన నిలబడ్డవాడి మీదా మసి పడుతుంది, పేలిన తుపాకీని ఎత్తి పక్కన పెట్టినవాడి చేతికీ అంటుతుంది. ఆ చేతి మీద ఏముంది, అది ఈ మందుతో సరిపోతుందా అని అడగండి. ఎవరు పేల్చారన్నది తేల్చాల్సింది మీరు, కోర్టు.

డాక్టర్లకు నాలుగు మాటలు. ఎంత దూరం నుంచి కాల్చారన్నది మీరు చూసే గాయం మీదే రాసి ఉంటుంది. మూతి ఆనించి కాల్చారా, జానెడు దూరం నుంచా, బారెడు దూరం నుంచా అన్నదాన్ని బట్టి మసి, కాలిన మందు పలుకులు చర్మంలో దిగే తీరు మారిపోతుంది. నాటు తుపాకుల మసి, పలుకులు పిస్తోలు కన్నా ఎక్కువ దూరం వెళతాయి. అందుకని పుస్తకంలోని అంగుళాలు చూసి రాయకుండా అదే తుపాకీతో, అదే మందుతో ల్యాబ్‌లో పేల్చి పోల్చమని అడగండి. గాయంలో పీచు ముక్క దొరికితే పారేయకండి, దగ్గర నుంచి కాల్చాడనడానికి అంతకంటే సాక్ష్యం ఉండదు. గాయం కడగక ముందే స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఒక ఆస్పత్రిలో నా క్లయింటు బంధువు శవం. గౌరవంగా ఉండాలని సిబ్బంది స్పాంజితో శుభ్రంగా తుడిచి, పసుపు కూడా రాసి ఇచ్చారు. ఎవరినీ అనలేకపోయాను.

చొక్కా సంగతి మరీ ముఖ్యం. క్యాజువాలిటీలో కత్తెర తీసుకుని తిన్నగా చిల్లు మీదుగానే కోసేస్తారు. చిల్లుకి జానెడు పక్కనుంచి కోయండి. నీడలో ఆరేసి, మడత మధ్యలో కాగితం పెట్టి, కాగితం కవర్లోనే పెట్టండి. నెత్తుటి మరక కింద కంటికి కనబడని మసిని కూడా ల్యాబ్‌వాళ్లు రంగు తెప్పించి చూపగలరు. గ్రీస్ (Griess) అనే పరీక్షలో నైట్రైట్ పలుకులు ఒక్కోటీ నారింజ చుక్కగా తేలతాయి, సోడియం రోడిజొనేట్ చల్లితే సీసం ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది. ఆ చుక్కలు ఎంత మేర పరుచుకున్నాయో దాన్నిబట్టే దూరం లెక్క. తడి చొక్కాని ప్లాస్టిక్ కవర్లో కుక్కి పదిహేను రోజులు బీరువాలో పెడితే ల్యాబ్‌కి చేరేది బూజు.

ఇప్పుడా కుర్రాడి కథ. సముద్రం ఒడ్డు గ్రామం, ఇరవై రెండేళ్లవాడు. జాతర రాత్రి నాటు పిస్తోలుతో ఎవరో ఒకర్ని కాల్చారు, పాత గొడవ ఉందని వీణ్ని పట్టుకొచ్చారు. దూదితో చేతులు తుడిచి పంపారు. రిపోర్టులో సీసం ఉంది, రెండు చేతులకీ, బాగానే ఉంది. బేరియం లేదు, యాంటిమొని లేదు. ఛార్జిషీటులో మాత్రం ఒకే వాక్యం: ముద్దాయి చేతులపై సీసం ఉన్నట్టు ల్యాబ్ నిర్ధారించింది. అబద్ధం కాదది. కానీ బెయిలు రెండుసార్లు పోయింది ఆ వాక్యంతోనే.

వాడి తల్లి ఓ రోజు మా గదికి చిరిగిన వల ముక్క ఒకటి చుట్టుకుని వచ్చింది. "మా గుంటడు చేప తప్ప ఇంకేటీ ముట్టినోడు కాడు బాబూ" అంటూ బల్ల మీద పరిచింది. వల అంచున వరసగా సీసం గుళ్లు. కొత్త గుండుని తాడుకి ఎక్కించి పంటితో కొరికి బిగిస్తారట, చూపించింది. నేను ఒక గుండుని బొటనవేలితో రుద్దాను. వేలు బూడిద రంగుకి తిరిగింది. సబ్బుతో కడిగినా గోరు పక్కన ఆ గీత సాయంత్రం దాకా ఉంది.

విచారణలో ల్యాబ్ నిపుణుణ్ని పిలిపించమని పట్టుబట్టాను. కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ సెక్షన్ 329 కింద ఆ రిపోర్టు నిపుణుడు రాకుండానే రికార్డుకి ఎక్కేయగలదు. కోర్టు పిలిస్తేనే ఆయన వస్తాడు. ఆయన వచ్చి, వల గుళ్ల నుంచి ఇంతే సీసం అంటుకోవచ్చని ఒప్పుకున్నాడు. మంచి మనిషి, అడిగిందానికి సూటిగా చెప్పాడు. కుర్రాడు బయటికొచ్చాడు, పదకొండు నెలల తర్వాత. చేతుల్ని స్టబ్‌తో తీసుంటే అవి వల సీసం ముక్కలా, ఆవిరై గడ్డకట్టిన గుండ్రటి రేణువులా అన్నది మైక్రోస్కోప్ కింద చూడొచ్చు. కేసు కట్టేముందు వాడి వృత్తి ఏంటని ఒక్కరు అడిగినా సరిపోయేది.

ఇలాంటివి మన దగ్గరే జరుగుతాయనుకోకండి. లండన్‌లో జిల్ డాండో అనే టీవీ ప్రెజెంటర్‌ని 1999లో ఇంటి గుమ్మం దగ్గర కాల్చి చంపారు. ఏడాది తర్వాత బ్యారీ జార్జ్ అనే వ్యక్తి కోటు జేబులో ఒకే ఒక్క రేణువు దొరికింది. 2001లో శిక్ష పడింది. ఆ ఒక్క రేణువు హత్య వల్ల వచ్చిందనడానికి ఎంత అవకాశముందో, ఇంకెక్కడి నుంచో వచ్చిందనడానికీ అంతే అవకాశముందని నిపుణులు తర్వాత చెబితే 2007లో శిక్ష రద్దయింది, మళ్లీ జరిగిన విచారణలో 2008లో నిర్దోషిగా విడుదలయ్యాడు. మధ్యలో గడిచిన ఏళ్లు మాత్రం జైల్లోనే.

2024 జూలై 1 నుంచి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 176(3) ఉంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయంగా స్థలానికి రావాలి, వీడియో తీయాలి. దాన్ని అమల్లో పెట్టడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. మంచిదే. కానీ ఇచ్ఛాపురం నుంచి విశాఖ ప్రాంతీయ ల్యాబ్‌కి రెండొందల కిలోమీటర్ల పైనే. కొండ మీద అర్ధరాత్రి పేలిన తుపాకీ దగ్గరికి నిపుణుడు వచ్చేసరికి ఆ నాలుగైదు గంటలూ అయిపోతాయి. అప్పటిదాకా అక్కడ ఉండేది ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక వీఆర్వో, చుట్టూ ఊరి జనం.

అందుకే ప్రతి స్టేషన్ బీరువాలో ఒక అట్టపెట్టె పెట్టమని అడుగుతున్నాను. బ్రౌన్ పేపర్ సంచులు పది, దారం, గ్లోవ్స్ నాలుగు జతలు, తెల్లకాగితాలు, స్కేలు, మార్కర్ పెన్ను, స్టబ్‌లు. మూత లోపలి వైపు రెండు లైన్లు అతికించాలి: ముందు శాంపిల్, తర్వాతే చేతులు కడిగించాలి, శాంపిల్ తీసిన టైమ్ రాయాలి.

ఈ ఉత్తరం చదివి మా జూనియరు, "సార్, ఇవన్నీ వాళ్లు పాటిస్తే మనకి క్రాస్ చేయడానికి ఏం మిగులుతుంది?" అన్నాడు. వాడికింకా పెళ్లి కాలేదు, ఆ భయం ఉండటం సహజమే. అలాంటి పెట్టెలు వాడిచేతే ఐదు కట్టించాను. వాయిదాకి వచ్చే కోర్టు కానిస్టేబుళ్లు ఎవరైనా మా గదికొచ్చి తీసుకెళ్లొచ్చు. స్టబ్‌లు మాత్రం నా దగ్గర లేవు, అవి మీరు ల్యాబ్ నుంచి తెప్పించుకోవాలి.

ఇట్లు,
ఒక డిఫెన్స్ లాయరు,
శ్రీకాకుళం